నిశ్శబ్దం ఎంతకిస్తారు

భీమవరంలో షాపు. బయట ఎండ, లోపల ఏసీ చలి.
దొరబాబు ఒక్కొక్కదానికీ మూత తీస్తున్నాడు.
"ఇది పదహారు జీబీ ర్యామండి,
ఇది గేములాడుకోడానికండి,
దీనికి కీబోర్డు కింద రంగులొస్తాయండి."
నేను వంగి
లాప్‌టాప్ పొట్టకి చెవి ఆనించాను.

"ఏటండీ, ఏం వింటన్నారు?"
"ఫ్యాను."

అంబాజీపేటలో మా మేనత్త
కాయను చెవి దగ్గర ఊపి చూసి కొనేది.
లోపల నీళ్ళెన్నో
ధర అడక్కముందే తెలిసిపోయేది ఆవిడకి.
నాకేమో లోపల ఏదీ కదలనిది కావాలి.

నేను గొంతు అమ్ముకుని బతికే మనిషిని, దొరబాబూ.
రొయ్యల మేత ప్రకటనలో
"మీ చెరువుకి మా భరోసా" అనే ఆడగొంతు నాది.
సొసైటీ బ్యాంకుకి ఫోన్ చేస్తే
తెలుగు కోసం ఒకటి నొక్కమనేదీ నేనే.
మా ఆయన ఓసారి విసుగులో రెండు నొక్కి
హిందీలో ఇరుక్కుపోయాడు.
ఇంట్లోనూ అంతే, నా మాట వినడు.

పీచు పరుపులు రెండు గోడకి నిలబెట్టి
పైన పాత దుప్పటి వేలాడదీస్తే
అదే నా స్టూడియో.
అందులో కూచుంటే ఉడికిపోతాను,
నాకంటే ముందు ఉడికేది పాత లాప్‌టాప్.
మూడో పేరాకల్లా దానికి ఆయాసం.
నా వాక్యం వెనక దాని ఊపిరి
మడతమంచం కింద దూరిన పిల్లిలా.

"ఫ్యాను లేనిదుందండి,
కానీ ర్యాము సగమే, ధరేమో ఎక్కువ."
తక్కువ ఉన్నదానికి ఎక్కువ ధరా?
"శబ్దం తీసెయ్యాలంటే ఖర్చేనండి మరి."
ఆ కుర్రాడికి తెలీకుండానే
నా వృత్తి అంతా చెప్పేశాడు.

ఇక దాచుకోడం సంగతి.
పోయినేడు హార్డ్ డిస్కు పీట మీంచి జారింది.
జానెడెత్తు. అంతే.
టిక్కు టిక్కుమంది రెండు రోజులు,
చూపులేని పిల్లల కోసం చదివిన సాంఘిక శాస్త్రం
నలభై గంటలు
ఆ టిక్కులో మునిగిపోయింది.
మళ్ళీ చదివాను. కానీ రెండోసారి
గోదావరి పుట్టిన చోటు చెబుతున్నప్పుడు
గొంతులో మొదటిసారి ఉన్న ఆశ్చర్యం లేదు.

అందుకని ఈసారి తిరిగే చక్రాలు లేనివి, ఎస్సెస్‌డీలు, రెండు.
ఒకటి బియ్యం డబ్బాలో, చెమ్మ తగలకుండా.
ఒకటి నెలకోసారి నర్సాపురం రేవులో పంటు ఎక్కి
సఖినేటిపల్లిలో మా ఆడపడుచు బీరువాకి.
వరద చూసినవాళ్ళు
విత్తనాలన్నీ ఒక్క గాదెలో పోస్తారా?

"బ్యాటరీ ఎంతసేపొస్తది?" అనడిగాను చివర్న.
"ఇంట్లోనే కదండీ వాడేది, వైరు ఉంటది కదా?"
నవ్వి ఊరుకున్నాను.
ఎలా చెప్పను అతనికి.

మా ఇంటి చుట్టూ చెరువులే. రాత్రంతా
ఏరియేటర్లు నీళ్ళు చిలుకుతుంటాయి,
ఆ హోరు పీచు పరుపుల్ని లెక్కచెయ్యదు.
ఏ రెండింటికో కరెంటు పోతుంది.
అప్పుడు, అప్పుడు మాత్రమే
లోకం ఒక్కసారి నోరు మూస్తుంది.
మా ఆయన టార్చి పట్టుకుని జనరేటర్ దగ్గరికి,
నేను మైకు దగ్గరికి
పరిగెడతాం.
అటు నీళ్ళలో రొయ్యకి ఊపిరాడదు.
ఇటు నాకు ఆ రోజుకి
మచ్చలేని వాక్యం దొరుకుతుంది.
ఒకే నిశ్శబ్దం. ఇద్దరం దాన్ని చెరో వైపు లాగుతాం.

కొత్తది వచ్చిన నాలుగో రాత్రి
రికార్డింగ్ ఆపేసి విన్నాను:
నా వాక్యం, చివరి మాట,
ఆ తర్వాత బయట తాడు గుంజబోతూ
ఆగిన ఒక మనిషి ఊపిరి.
"అయ్యిందా?"
తర్వాత ఢుగ్ ఢుగ్ ఢుగ్.

కంపెనీకి పంపేముందు అక్కడికి కత్తిరించాను.
కత్తిరించిన ముక్కని
బియ్యం డబ్బాలో ఒకటి,
ఏటికి అవతల ఒకటి.